చెరకు పట్టాలు, మోసిన చేతులు

కోసిన చెరకు నిల్వ ఉన్నకొద్దీ అందులోని చక్కెర తరిగిపోతుంది కనుక, దాన్ని వెంటనే మిల్లుకు చేర్చడానికి ఆస్ట్రేలియాకు చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ ఫిజీలోని వితి లెవు, వనువా లెవు దీవులలో 610 మిల్లీమీటర్ల గేజి రైలు మార్గాలు వేసింది. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్నే గేజి అంటారు; ఈ మార్గాలలో అది రెండడుగులే.

ఈ వ్యవస్థలోని అసలు నేర్పు ఇంజన్‌లో కంటే ‘పోర్టబుల్ లైను’లో, అంటే చేతులతో ఎత్తి మార్చగల పట్టాలలో ఉంది. తేలికపాటి పట్టాలను ఇనుప స్లీపర్లకు బిగించి నిచ్చెనలా చేసిన ముక్కలను కూలీలు మోసుకెళ్లి, నరుకుడు సాగుతున్న చేనులోకే ఒకదానికొకటి కలిపి పరిచేవారు. చేను ఖాళీ కాగానే విప్పి మరోచోటికి మార్చేవారు. నేల ఎక్కడ మెత్తగా ఉందో, బరువు పడితే ఏ పక్కకు కుంగుతుందో ముందే పసిగట్టలేకపోతే, పట్టాల మీది నిండు ట్రక్కు ఒరిగి నరికిన చెరకంతా నేలపాలవుతుంది. ఏ నక్షాలోనూ కనిపించని ఈ దారులను రాళ్లు ఏరి, మట్టి సర్ది సిద్ధం చేసినవారిని ఇంజనీర్లని ఎవరూ అనలేదు గాని, వారు చేసినది ఇంజనీరింగే.

1879 నుంచి 1916 వరకు అరవై వేలకు పైగా భారతీయులు ‘గిర్మిట్’ మీద, అంటే అగ్రిమెంటు అనే మాట వాడుకలో మారగా నిలిచిన ఐదేళ్ల కూలి ఒప్పందం మీద, ఫిజీకి, ఎక్కువగా ఈ చెరకు తోటల పనికే, వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కినవారిలో తెలుగువారూ ఉన్నారు కాబట్టి, ఆ తోటల చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు.

కాలక్రమంలో ఆవిరి ఇంజన్ల స్థానంలోకి డీజిల్ ఇంజన్లు వచ్చాయి, చెరకులో అధిక భాగం లారీలకెక్కింది. 2016లో విన్‌స్టన్ తుపాను దెబ్బతో రాకిరాకిలోని పెనాంగ్ మిల్లు మూతపడింది. ఫిజీలో పనిచేసిన హడ్స్‌వెల్ క్లార్క్ ఆవిరి ఇంజన్ ఒకటి ఇంగ్లండ్‌లోని స్టాట్‌ఫోల్డ్ రైల్వేలో భద్రంగా ఉండడం సంతోషకరమే. అయితే ఇంజన్‌కు రంగు వేసి నిలబెట్టి, కూలీలు మోసిన పట్టాల ముక్కలను తుక్కు కింద అమ్మేస్తే దక్కేది సగం చరిత్రే. ప్రదర్శనకు పెట్టే ప్రతి ఇంజన్ పక్కన కనీసం ఒక పోర్టబుల్ లైను ముక్క ఉండాలి. దాన్ని పరిచిన వృద్ధుల మాటలను, వారు ఉండగానే, వారి భాషలోనే రికార్డు చేయాలి.