సంచిలో ఒక ఖాళీ రోజు

నేపాల్‌లో అన్నపూర్ణ శ్రేణిని చుట్టివచ్చే కాలిదారి మీద ఎగువ పిసాంగ్ అనే ఊరుంది. ఎత్తు 3,300 మీటర్లు. అక్కణ్ణుంచి మనాంగ్ వెళ్లడానికి రెండు దారులు. కిందిది మర్స్యాంగ్దీ నది పక్కన జీపులు తిరిగే రోడ్డు. దాదాపు చదునుగా ఉంటుంది, గట్టిగా నడిస్తే సాయంత్రానికి మనాంగ్ చేరిపోవచ్చు. పైదారి ఘ్యారూ, న్గవాల్ అనే ఊళ్ల మీదుగా పోతుంది. దూరం ఎక్కువ, ఎక్కుడూ ఎక్కువే. వీపున సంచితో రోజుల తరబడి నడవాలనుకునే వాళ్లెవరు అడిగినా నేను పైదారే చెబుతాను. కొండదారి నడకలో నేర్చుకోవాల్సినవి చాలావరకు ఆ ఒక్క రోజులోనే ఎదురవుతాయి.

పొద్దున్నే బయల్దేరేటప్పుడు చలి కొరికేస్తూ ఉంటుంది. అయినా సరే, మందపాటి జాకెట్ విప్పి సంచిలో పెట్టేసి, కాస్త వణుకుతూనే నడక మొదలుపెట్టాలి. పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. జాకెట్ వేసుకుని ఎక్కితే లోపలి బట్టలు చెమటకు తడుస్తాయి. ఆగి కూర్చున్న మరుక్షణం ఆ తడే ఒంట్లోని వేడిని లాగేస్తుంది. సంచి సర్దడానికీ పద్ధతుంది. స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైనవి వీపుకు ఆనుకుని నడిమిన, వానకోటు పైన, నీళ్లు చేతికందేచోట. నడుము పట్టీ బిగించాక బరువులో ఎక్కువ భాగం తుంటి ఎముకల మీదికి దిగాలి. సంచి వెనక్కి వాలకుండా ఆపితే భుజాల పని అయిపోయినట్టే. మడమ దగ్గర చిన్న మంట తెలియగానే అక్కడికక్కడే ఆగి, బూటు విప్పి టేపు వేసుకోవాలి. నలుగురూ ముందుకు వెళ్లిపోతున్నారని మొహమాటపడితే మధ్యాహ్నానికి పొక్కు లేస్తుంది. ఆ తర్వాత నాలుగైదు రోజుల నడక ఆ పొక్కు చెప్పినట్టే సాగుతుంది.

ఊరు దాటాక దారి పైన్ చెట్ల నడుమ నింపాదిగా సాగుతుంది. కింద పచ్చటి చిన్న చెరువు కనిపిస్తుంది. మంత్రాలు చెక్కిన రాళ్ల గోడ ఎదురైనప్పుడు ప్రదక్షిణ పద్ధతిలో దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని దాటాలి. కంచరగాడిదల బారు వస్తోందని గంటలు వినిపిస్తే కొండవైపు ఒరిగి నిలబడాలి. లోయవైపు నిలబడితే వాటి మీది మూట తగిలిందంటే మనిషి కిందికి పోతాడు. ఇవన్నీ పుస్తకాల్లో చదివితే చిన్న విషయాలు. దారి మీద ప్రాణాన్ని కాపాడేవి ఇవే.

వేలాడే వంతెన దాటగానే ఘ్యారూ ఎక్కుడు మొదలవుతుంది. దాదాపు 400 మీటర్ల ఎత్తు, మెలికలు తిరుగుతూ ఒక్కపట్టున ఎక్కాలి. ఇక్కడ అడుగు మార్చుకోవాలి. వెనక కాలిని నిటారుగా నిలిపి, ఒంటి బరువునంతా ఒక్క క్షణం ఎముక మీద మోపి, తొడ కండరానికి ఆ క్షణం విశ్రాంతినిచ్చి, అప్పుడు ముందడుగు వేయాలి. పక్క మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత వేగమే ఆ పూటకు సరైన వేగం.

ఈ ఎక్కుడు మీద నేను పోర్టర్ల వెనకాల నడవడానికి ఇష్టపడతాను. వీపున వెదురుబుట్ట, బుట్ట బరువును నుదుటి మీద ఆపే పట్టీ, చేతిలో టీ ఆకారపు పొట్టి కర్ర. కొంతదూరం నడుస్తారు, కర్రను బుట్ట కింద ఊతంగా పెట్టి నిలబడే ఊపిరి తీసుకుంటారు, మళ్లీ నడుస్తారు. బెల్జియం పరిశోధకులు నేపాల్‌లోనే మరోచోట ఉన్న నామ్చే బజార్ దారిలో ఇలాంటి పోర్టర్ల బరువులు తూచి, 2005లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. మగవాళ్లు మోసే బరువు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం, ఆడవాళ్లు మోసేది 66 శాతం. నెమ్మదిగా నడవడం, మాటిమాటికీ ఆగడం, రోజులో చాలా గంటలు అలా సాగడం వాళ్ల పద్ధతి అని అందులో రాశారు. ఇలా ఆగి ఆగి నడిచే ఆ మనుషుల కంటే బాగా కొండ తెలిసినవాళ్లు ఆ దారిలో ఎవరూ లేరు.

ఘ్యారూలో రాతి ఇళ్లు, చదును మిద్దెలు, వాటి మీద ఎగిరే ఐదు రంగుల జెండాలు. టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా 7,937 మీటర్ల అన్నపూర్ణ-2 పాదం నుంచి శిఖరం దాకా నిలబడి ఉంటుంది. నడుమ లోయ తప్ప అడ్డేమీ లేదు. కింది రోడ్డు మీద పోయేవాళ్లు ఆ పర్వతానికి మరీ కిందుగా ఉంటారు, అది ఇంత నిండుగా కనిపించదు. అక్కడ ఒక గంట కూర్చోలేనంత తొందరలో ఉన్నవాళ్లు ఈ దారికి రాకపోయినా నష్టం లేదు.

మధ్యాహ్నానికి న్గవాల్ చేరతాం. కాళ్లలో సత్తువ ఉంటుంది, పొద్దూ ఉంటుంది. మనాంగ్ ఇంకో మూడు నాలుగు గంటలు. అయినా అక్కడే ఆగి, సంచి దించి, దాల్‌భాత్ తిని, సాయంత్రం ఊరి పైనున్న వాలు కొంచెం ఎక్కి దిగి పడుకోవడం ఆ రోజు నేర్పే అసలు పాఠం. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. ముందు దాటాల్సిన తొరోంగ్ లా కనుమ 5,416 మీటర్ల మీద ఉంది. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రం ఒడ్డున అందేదాంట్లో సగమే. లోటు పూడ్చుకోవడానికి ఊపిరి వేగం పెరుగుతుంది. దానివల్ల కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికిపోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. ఆ తేడాను మూత్రపిండాలు సరిచేయాలి, అందుకు రోజులు పడుతుంది. మారథాన్ పరిగెత్తేవాళ్ల మూత్రపిండాలైనా తమ వేగంతోనే పనిచేస్తాయి. అందుకే 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలని వైద్యులు చెబుతారు. తలనొప్పి, వికారం ఉంటే అవి తగ్గేదాకా ఇంకా పైకి పోకూడదు. ముదిరితే అర్ధరాత్రయినా కిందికి దిగాలి. మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ డాక్టర్లు సీజన్‌లో మధ్యాహ్నంపూట ట్రెక్కర్లను కూర్చోబెట్టి ఈ సంగతులే వివరిస్తారు.

విశాఖ మనిషిగా నేను చెప్పకుండా ఉండలేనిది ఇంకొకటుంది. 2014 అక్టోబరు 12న మా ఊరి మీద పడి చెట్లను కూల్చేసిన హుద్‌హుద్ తుపాను అక్కడితో అయిపోలేదు. దాని శేషం ఉత్తరానికి పోయి, 14న ఇదే తొరోంగ్ లా మీద మంచు తుపానై విరుచుకుపడింది. అది ట్రెక్కింగ్ రద్దీగా ఉండే నెల. ఆ ప్రాంతంలో మంచులో కూరుకుపోయి, మంచుచరియల కింద పడి 40 మందికి పైగా చనిపోయారు. విదేశీ ట్రెక్కర్లు, నేపాలీ గైడ్లు, పోర్టర్లు, యాక్‌లను మేపుకునేవాళ్లు. మేం కరెంటు లేక, ఫోన్లు పనిచేయక చీకట్లో కూర్చున్నప్పుడు, అదే మేఘం కిందికి ఇంకొందరు తెలియకుండా నడిచివెళ్తున్నారు. చనిపోయినవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. హెచ్చరిక వాళ్లదాకా చేరలేదు. బతికున్న మనం నేర్చుకోవాల్సింది మాత్రం ఉంది. కనుమ కింది ఊళ్లో ఆకాశం చూసి ‘ఈరోజు వద్దు’ అనుకోవాలంటే, ఆ ఒక్క రోజు మన దగ్గర ఉండాలి.

హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో వచ్చే మన పిల్లలకు లేనిది అదే. సెలవు లెక్కపెట్టి తీసుకుంటారు, తిరుగు విమానం టికెట్టు ముందే కొంటారు, జీపెక్కి మనాంగ్ దాకా పోయి నడక అక్కడ మొదలుపెడతారు. ఖరీదైన బూట్లు, జాకెట్లు ఉంటాయి. ఆగడానికి ఒక్క రోజు ఉండదు. తలనొప్పి మొదలైనా, మేఘం కమ్మినా ముందుకే పోవాలి. ట్రెక్కింగ్‌కు సంచి సర్దేటప్పుడు అన్నిటికంటే ముందు పెట్టుకోవాల్సింది ఒక ఖాళీ రోజు, వీలైతే రెండు. దానికోసం శిఖరాల జాబితాలో ఒకటి తగ్గించుకున్నా పరవాలేదు. అది వాడుకోకుండా మిగిలితే పోఖరాలో చెరువుగట్టున కూర్చోండి.

నడవనివాళ్లకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది. తొరోంగ్ లా దాటి దిగితే వచ్చేది ముక్తినాథ్. 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి మన రాష్ట్రాల నుంచి పెద్దవాళ్లు ఏటా వెళ్తారు. 820 మీటర్ల పోఖరాలో పొద్దున విమానం ఎక్కితే ఇరవై నిమిషాలకు జోమ్‌సోమ్, అక్కణ్ణుంచి జీపులో 3,800 మీటర్ల గుడి. కొన్ని గంటల్లో మూడు వేల మీటర్లు పైకి! ఆపైన మెట్లు ఎక్కి, 108 ధారల మంచునీళ్ల కింద తలపెడతారు. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు జోమ్‌సోమ్‌లోనో, దారిలో వచ్చే కాగ్బేనీలోనో వాళ్లను ఒక రాత్రి పడుకోబెట్టండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే బయల్దేరకముందే డాక్టరును అడగండి. దర్శనమయ్యాక కొండమీద ఉండిపోకుండా ఆ పూటే కిందికి దిగి పడుకోండి. టూరు మాట్లాడుకునేటప్పుడే ఆ రాత్రి బసకు అదనంగా ఎంతవుతుందో అడిగి, కార్యక్రమంలో రాయించుకోండి.