ఎముకల పొడి పడిన డ్రిల్లింగ్ మెషీన్

బుడాపెస్ట్‌లో తపాలా శాఖ వర్క్‌షాపు మెకానిక్కులకు ఒకప్పుడు పెద్ద చిరాకు ఉండేది. పొద్దున్నే వచ్చి చూస్తే డ్రిల్లింగ్ మెషీన్ నిండా ఎముకల పొడి. అదీ మనుషుల ఎముకలది! దాని మీద పనిచేసి వెళ్లినాయన జార్జ్ ఫాన్ బేకేషీ. వైద్యుడు కాదు, ఫిజిక్సులో డాక్టరేట్ చేసి టెలిఫోన్ల మీద పరిశోధనకు కుదిరినవాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడి చితికిపోయిన హంగరీలో మంచి పరికరాలున్న కొద్దిపాటి ప్రయోగశాలల్లో తపాలా శాఖది ఒకటి. అందుకే 1923లో అక్కడ చేరాడు. టెలిఫోన్ వ్యవస్థ కూడా ఆ శాఖదే. ఫోన్‌లో మాట స్పష్టంగా వినపడాలంటే దేన్ని బాగుచేయాలి? ఆ సంగతి తేలాలంటే ముందు చెవి ఎంత బాగా వింటుందో తెలియాలి. అలా మొదలైన పని ఆయన జన్మంతా సాగింది.

అప్పట్లో వినికిడి గురించి జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చెప్పిన సిద్ధాంతానికి తిరుగులేదు. లోపలి చెవిలో బఠాణీ గింజంత కాక్లియా ఉంటుంది. అందులోని పొరలో పోగులు పియానో తీగల్లా బిగిసి ఉంటాయని, ఒక్కో స్వరానికి ఒక్కో పోగు కంపిస్తుందని ఆ సిద్ధాంతం. బేకేషీ వాదనకు దిగలేదు. పొరను కోసి చూశాడు. నిజంగా బిగువే ఉంటే గాటు అంచులు ఎడంగా జరగాలి. జరగలేదు.

కోయడం అంటే మాటలు కాదు. కాక్లియాను పొదిగి ఉంచింది ఒంట్లోకెల్లా గట్టి ఎముకల్లో ఒకటి. శవాల నుంచి తెచ్చిన ఆ ఎముకను నీళ్లలోనే ఉంచి, మైక్రోస్కోపులో చూస్తూ కొంచెం కొంచెంగా అరగదీసేవాడు. రాలిన పొడిని పారే నీరే కొట్టుకుపోయేది, లోపలి పొర ఎండిపోయేది కాదు. దాని మీద వెండి రజను చల్లి, శబ్దం పంపి, గబగబా వెలిగి ఆరే దీపం కింద చూస్తే కదలిక నెమ్మదించి కంటికి ఆనేది. మొదట్నుంచి చివరివైపు ఒక అల పరుగెడుతోంది. పోతూ పోతూ ఒకచోట లేచి అణగిపోతోంది. కీచు స్వరానికి మొదట్లోనే, మంద్రానికి దూరాన. మనిషి చెవితో ఆగలేదు, ఎలుక నుంచి ఏనుగు దాకా జంతువుల చెవులూ విప్పి చూశాడు. 1961లో నోబెల్ వచ్చింది ఈ పనికే.

అయితే ఆ అల మరీ వెడల్పు. మనకేమో కాస్త తేడా ఉన్న రెండు స్వరాలు కూడా విడివిడిగా తెలుస్తాయి. ఈ లోటు బేకేషీకి బాగా తెలుసు. సమాధానం నరాల్లో ఉంటుందనుకున్నాడు. 1947లో హార్వర్డ్ చేరాక నీళ్లు నింపిన గొట్టంతో కాక్లియా నమూనా కట్టి, దాని మీద ముంజేయి ఆనించాడు. అల గొట్టం పొడుగునా కదులుతున్నా, చర్మానికి తెలిసేది చిన్న మేరలోనే. నరాలు పక్కనున్న స్పర్శను అణిచేస్తున్నాయన్నమాట. 1966లో హవాయి వెళ్లాక కూడా ఇంద్రియాల మీద పరిశోధన వదల్లేదు.

సమాధానంలో పెద్ద భాగం మాత్రం బతికున్న చెవిలో ఉంది. చుట్టూ ద్రవం ఉండగా పొర అంత కచ్చితంగా స్పందించాలంటే చెవి తన శక్తిని తానే జోడించాలని థామస్ గోల్డ్ 1948లోనే అన్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1971లో విలియం రోడ్ బతికున్న కోతుల చెవుల్లో కొలిస్తే స్పందన పదునుగా ఉంది, ప్రాణం పోయాక ఆ పదునూ పోయింది. మరుసటేడే బేకేషీ కన్నుమూశాడు.

శవం చెవిలో చూశాడు కాబట్టి సగమే చూశాడనడం తేలిక. కానీ రోడ్ కొలిచింది కూడా బేకేషీ చూపించిన అలనే. ఆ చేతిపని లేకపోతే ప్రాణం దానికి ఏం కలుపుతోందన్న ప్రశ్నే పుట్టేది కాదు.

1978లో డేవిడ్ కెంప్ లండన్‌లో మనుషుల చెవిలోకి టిక్కుమనే శబ్దం పంపి, లోపల్నుంచి తిరిగొచ్చే సన్నని మోతను మైకుతో పట్టాడు. గోల్డ్ ఊహించినట్టే చెవి కూడా శబ్దం చేస్తోంది. అది చేసేది కాక్లియాలోని బయటి రోమకణాలని తర్వాత తేలింది. ఇవాళ మన ఆసుపత్రుల్లో పసిపిల్లలకు చేసే ఓఏఈ పరీక్ష ఇదే. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న ప్రోబ్ పెడతారు. మోత తిరిగి రాకపోతే మళ్లీ ఒకసారి చూసి, అప్పటికీ రాకపోతే శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే బెరా పరీక్షకు పంపుతారు.