రంగు డబ్బాలో రేగడి

మేడ్చల్, శామీర్‌పేట మండలాల నేల చాలావరకు గ్రానైటు రాయి చివికి ఏర్పడిన ఎర్ర చెల్క. వానకు అది ఉబ్బదు, ఎండకు నెర్రెలు విచ్చదు. నెర్రెలు విచ్చే నల్లరేగడిని విస్తారంగా చూడాలంటే పడమరగా వికారాబాద్, జహీరాబాద్ దిక్కున, దక్కను లావా పరచుకున్న మేర దాకా వెళ్లాలి. ఆ రేగడిని ఉబ్బించి, ఎండబెట్టి, పునాదులను కదిలించేది మాంట్‌మోరిలోనైట్ కుటుంబపు ఖనిజం. అదే ఖనిజం ఇసుక, సున్నపు గడ్డల కల్తీ తక్కువగా దొరికే మట్టిని బెంటోనైట్ అంటారు. కచ్‌లోని ప్రసిద్ధమైన బెంటోనైట్ నిక్షేపాలు కూడా ఆ లావాతో ముడిపడినవే కనుక, మేడ్చల్ పారిశ్రామిక వాడ వంటి చోట ఇనుప సామగ్రికి పూసే రంగులో దాన్ని కలిపినప్పుడు, తెలంగాణ రేగడికి దూరపు చుట్టమొకటి డబ్బాలోకి చేరినట్టే.

ఈ ఖనిజం మిల్లీమీటరులో పదిలక్షవ వంతు మందమున్న పలకలు దొంతరగా పేర్చినట్టు ఉంటుంది. పలకల మధ్య సోడియం అయాన్లు, అంటే విద్యుదావేశమున్న సోడియం పరమాణువులు ఉన్నప్పుడు నీరు సులువుగా చొరబడి వాటిని విడదీస్తుంది. కాని పారిశ్రామిక రంగుల్లో ఎక్కువ భాగం జైలీన్ వంటి ద్రావకాలతో, గ్రీజులు ఖనిజ తైలంతో తయారవుతాయి. వీటిలో పడితే ముడి బెంటోనైట్ ఇసుకలా అడుగుకు దిగుతుంది. అందుకని సోడియాన్ని తొలగించి, ఆ స్థానంలో క్వాటర్నరీ అమ్మోనియం లవణాలను, అంటే ఒక కొసన ధనావేశమూ మరో కొసన పొడవైన కొవ్వు గొలుసులూ ఉన్న అణువులను చేర్చుతారు. నీటితో సఖ్యంగా ఉన్న పలక దీంతో నూనెతో సఖ్యపడుతుంది. ఇలా మార్చిన బంకమన్నుపై ఎర్న్‌స్ట్ హౌజర్‌కు 1950లో అమెరికా పేటెంట్ లభించింది. పరిశ్రమలో దీన్ని ఆర్గానోక్లే అంటారు.

దీని గుణం కేవలం చిక్కదనం కాదు. విడిపోయిన పలకల అంచులు ఒకదానినొకటి బలహీనమైన హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని డబ్బా నిండా వల అల్లుతాయి. కుంచె కదిలినప్పుడు ఆ వల తెగి రంగు పలచబడుతుంది, కుంచె ఆగాక మళ్లీ అల్లుకుంటుంది. థిక్సోట్రోపీ అనే ఈ స్వభావం వల్లనే నిల్వ ఉన్న రంగు అడుగున గట్టిగా పేరుకోదు, మధ్యాహ్నపు ఎండకు కాగిన ఇనుప రేకు మీద పూత కిందికి కారదు.

అయితే చిక్కదనం సంచిలోని పొడిలో సిద్ధంగా ఉండదు. కలిపే వరసలో పుడుతుంది. సంప్రదాయ రకాల విషయంలో ముందుగా ద్రావకంలో పొడిని వేసి వేగంగా తిరిగే డిస్పర్సర్‌తో తడపాలి, తర్వాత యాక్టివేటర్ చేర్చాలి, ఆపైన మరింత బలంగా చిలికి జెల్ తెచ్చుకుని, అప్పుడే పూతను పట్టి ఉంచే రెజిన్, రంగునిచ్చే పిగ్మెంటు వైపు పోవాలి. యాక్టివేటర్ అంటే దొంతరలను విడదీసే చిన్న అణువుల ద్రవం. ప్రొపిలీన్ కార్బొనేట్ గాని, కొద్దిగా నీరు కలిసిన ఆల్కహాల్ గాని వాడతారు. ఆ కాస్త నీరు కల్తీ కాదు, అంచుకూ అంచుకూ మధ్య వంతెన వేసేది అదే. యాక్టివేటర్ తగ్గితే పలకలు పూర్తిగా విడవవు, మితిమీరితే అల్లుకున్న వల కూలిపోతుంది. రెజిన్‌ను ముందే పోస్తే అది పలకలను చుట్టేసి ద్రావకాన్ని లోపలికి పోనివ్వదు. ఇవేవీ గమనించకుండా రంగు పలచబడిందని మరో గుప్పెడు పొడి వేసే అలవాటు ఖర్చును పెంచుతుంది, పూత మెరుపును తగ్గిస్తుంది, విడవని గింజలను, పొడి ఎంత మెత్తగా నలిగిందో కొలిచే గ్రైండ్ గేజ్ మీద గీతలుగా చూపిస్తుంది. యాక్టివేటర్ అవసరం లేని రకాలు ఇప్పుడు దొరుకుతున్నా, గట్టిగా చిలకవలసిన పని వాటితోనూ తప్పదు. ఆ శ్రమను లెక్కించకుండా వాటిని సులువైన మార్గమనడం అమ్మకందారు భాష.

నూనెల సంగతి వేరు. కృష్ణా–గోదావరి బేసిన్ వంటి చోట లోతు బావులకు చమురు ఆధారిత డ్రిల్లింగ్ మడ్ వాడవలసి వస్తే, అందులోని బరువైన ముగ్గురాయి పొడిని కిందికి దిగనివ్వక మోసేది ఈ పలకలే. గ్రీజులో నూనెను చిక్కబరచే లోహ సబ్బు స్థానాన్ని ఇదే పొడి ఆక్రమిస్తుంది: సాధారణ లిథియం సబ్బు గ్రీజు సుమారు 180–200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి కారిపోతుండగా, బంకమన్నుకు అటువంటి కరిగే ఘట్టం లేదు కనుక కొలిమి ట్రాలీలు, ఎండబెట్టే ఓవెన్ల బేరింగులలో ఇది నిలుస్తుంది. నూనె మాత్రం వేడికి ఆవిరైపోతూనే ఉంటుంది, కాబట్టి కరగదన్న మాటను మళ్లీ పూయనక్కరలేదని అర్థం చేసుకుంటే బేరింగులో పొడి మట్టే మిగులుతుంది. అంతకంటె తరచుగా జరిగే నష్టం కలపకూడని వాటిని కలపడం వల్ల: బంకమన్ను గ్రీజూ లిథియం గ్రీజూ ఒకే బేరింగులో కలిస్తే చాలాసార్లు రెండూ మెత్తబడి బయటికి కారతాయి. పాత గ్రీజును పూర్తిగా తీసి కడిగిన తర్వాతే కొత్తది పట్టించాలి, రెండింటికీ వేర్వేరు గ్రీజు గన్నులు ఉంచాలి. కొత్త బేరింగు ధరతో పోలిస్తే రెండో గన్ను ఖర్చు స్వల్పమే.