మాడపాటి పనితనం

నారాయణగూడ చౌరస్తా నుంచి బయలుదేరితే మన రాజకీయాల చిరునామాలన్నీ కాలినడకన చుట్టి రావచ్చు. హిమాయత్‌నగర్‌లో సీపీఐ వారి మఖ్దూం భవన్, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బర్కత్‌పురాలో ఆర్‌ఎస్‌ఎస్ వారి కేశవ నిలయం. చిక్కడపల్లి గ్రంథాలయంలో చోటు కోసం పొద్దున్నే వచ్చే కుర్రాళ్లు, అశోక్‌నగర్ అద్దె గదుల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు రెండు వైపుల వాల్‌పోస్టర్లూ చూస్తూనే పుస్తకాల్లో పడతారు. ఎడమకూ కుడికీ ఇక్కడ ఇంత ఖరారైన ఇళ్లున్నాయి. మరి నడుమనున్న వాళ్లకో? నారాయణగూడలోనే ఒక బడి ఉంది. 1928లో ఆంధ్ర బాలికల పాఠశాలగా మొదలై, ఇప్పుడు స్థాపకుడి పేరే పెట్టుకున్న మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాల. నడిమి రాజకీయానికి చిరునామా అడిగితే నేను ఆ గేటే చూపిస్తాను.

అసలు నడుమ అనేదే లేదన్నవాళ్లలో గట్టివాడు ఫ్రెంచి రాజనీతి పండితుడు మారిస్ డువెర్జే. 1951లో రాజకీయ పార్టీల మీద రాసిన పుస్తకంలో ఆయన తేల్చిందేమిటంటే, ఏ సమస్యకైనా చివరికి రెండే జవాబులు మిగులుతాయి. నడుమ ఉన్నామనుకునేవాళ్లు కుడిపక్షంలోని మెతకవాళ్లూ ఎడమపక్షంలోని మెతకవాళ్లూ తాత్కాలికంగా ఒకచోట చేరినవాళ్లే. గట్టి ప్రశ్న ఎదురైన రోజున ఎవరి గూటికి వాళ్లు వెళ్లిపోతారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. తెలంగాణలో 1944లో జరిగింది కూడా పైకి అచ్చంగా అలాగే కనిపిస్తుంది. కానీ దానికి ముందు ఇరవై మూడేళ్ల పాటు ఇక్కడొక నడిమి రాజకీయం నిలబడింది. అదెలా నిలబడిందో డువెర్జే లెక్కలో లేదు. దాని జాడ మాడపాటి పనిలో దొరుకుతుంది.

ఆయన 1885లో కృష్ణా జిల్లాలో పుట్టారు. తెలుగుతో పాటు ఉర్దూ, పారశీకం బాగా వచ్చినవారు. నిజాం ప్రభుత్వ న్యాయశాఖలో అనువాదకుడిగా చేసి, తర్వాత వకీలు పట్టా తీసుకుని హైదరాబాదులో ప్రాక్టీసు పెట్టారు. ఈ రెండు ఉద్యోగాలే ఆయన రాజకీయ పనిముట్లు. ప్రభుత్వం ఏం రాసిందో, ఏ భాషలో రాసిందో, ఏ మాట వెనుక ఎంత సందు వదిలిందో చూడటం అనువాదకుడికి అలవాటు. ఆ సందులో కాలు పెట్టి నిలబడటం వకీలుకు అలవాటు.

1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధనిలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షులు పూనా నుంచి వచ్చిన మహర్షి ధోండో కేశవ కర్వే. మరాఠీలో మాట్లాడినప్పుడు ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో నోరు విప్పేసరికి ఎగతాళి, ఈలలు. మనసు కష్టపెట్టుకున్న తెలుగువాళ్లు ఆ రాత్రే ట్రూప్‌బజారులో టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. ఆ వేడిలో మరాఠీల మీద విరుచుకుపడే సంఘం పుట్టి ఉండవచ్చు. తెలుగులో చదువు, గ్రంథాలయాలు, తెలుగువాళ్ల బాగు అనే పనుల సంఘం పుట్టింది. అవమానాన్ని పగగా కాక కార్యక్రమంగా మలచుకోవడం ఆ సంఘం తొలి పాఠం. తర్వాత ఏర్పడ్డ ఆంధ్ర జన కేంద్ర సంఘానికి మాడపాటి కార్యదర్శి అయ్యారు.

ఆయన పనితనాన్ని దగ్గరగా చూడాలంటే ఆ సంఘం వేసిన చిన్న పుస్తకాల దగ్గరకు వెళ్లాలి. వాటిలో వెట్టి చాకిరి గురించి ఒకటి, వర్తక స్వాతంత్ర్యం గురించి ఒకటి. అప్పటి పల్లె సంగతి తెలిసినవాళ్లకు ఇవి ఎంత తెగువో అర్థమవుతుంది. అధికారి దౌరాకు వస్తే మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల గొర్రెనివ్వాలి, సామాను నెత్తిన పెట్టుకుని పక్క ఊరిదాకా మోయడానికి మనిషి కావాలి. కోమటి దుకాణం నుంచి బియ్యం, పప్పు, నెయ్యి వెళతాయి; డబ్బులు రావు. దొర గడీలో అయితే ఇది రోజూ ఉన్నదే. దీని మీద ఆవేశంగా ఒక కరపత్రం రాయడం కష్టం కాదు. రాసిన మర్నాడు దాన్ని జప్తు చేయడం ప్రభుత్వానికి అంతకన్నా తేలిక. గస్తీ నిషాన్ 53 లాంటి ఉత్తర్వులతో సభ పెట్టుకోవడానికే ముందు అనుమతి తీసుకోవాల్సిన రాజ్యం అది.

మాడపాటి వేరే దారి పట్టారు. వెట్టిని అదుపు చేస్తూ, పనికి కూలి, సరుకుకు ధర చెల్లించాలంటూ నిజాం ప్రభుత్వమే అప్పుడప్పుడూ ఉత్తర్వులు ఇస్తూ వచ్చింది. అవి ఉర్దూలో, దఫ్తర్లలో, బీరువాల్లో పడి ఉండేవి. ఊళ్లో ఎవడికీ తెలియవు. తెలిసిన పటేలు, పట్వారీ చెప్పరు. సంఘం వాటిని వెతికి పట్టి, తెలుగులోకి తెచ్చి, ఏది అడగవచ్చు, ఏది అడగకూడదు, దేనికి కూలి ఇవ్వాలి అన్నది పల్లెకు అందేలా అచ్చు వేసింది.

ఈ ఒక్క పనిలో ఎన్ని లెక్కలున్నాయో చూడండి. దీన్ని ప్రభుత్వం నిషేధించలేదు, అందులో ఉన్నది తన మాటే గనుక. తహసీలుదారు దబాయించలేడు, పై అధికారి సంతకం అడ్డం వస్తుంది గనుక. కోమటి, కుమ్మరి, మాదిగ ఒకే అట్ట మధ్యకు వచ్చారు. ఊళ్లో పక్కపక్కన కూర్చోని కులాలు ఒకే ఫిర్యాదులో కూర్చున్నాయి. నిజాం మీద భక్తి ఉన్న పెద్దమనిషి కూడా దీనికి చందా ఇవ్వగలడు, ఇది ధిక్కారం కాదు కదా. నిజామే పోవాలనుకునే యువకుడు కూడా దీన్ని సంచిలో పెట్టుకుని ఊరికి వెళ్లగలడు, ఇది ఊరిని కదిలిస్తుంది కదా. ఇద్దరూ వేర్వేరు కారణాలతో ఒకే కాగితం పట్టుకున్నారు.

మాడపాటి దగ్గర నేను నేర్చుకున్న నడుమ ఇదే. రెండు కొసల మధ్య దూరం కొలిచి సగానికి గీత గీయడం ఆయన పద్ధతి కాదు. వెట్టి సగం ఉండాలి, సగం పోవాలి అని ఆయన అనలేదు. పోవాల్సిందే అన్నారు. అయితే ఆ కోరికను ఏ రూపంలో పెడితే ఇరుపక్షాలూ తమ సిద్ధాంతం వదులుకోకుండా సంతకం పెట్టగలవో ఆ రూపం వెతికి పెట్టారు. అది ఓపికతో, పరిశీలనతో, రాత్రిళ్లు ఫైళ్లు తిరగేయడంతో వచ్చే నేర్పు. పుట్టుకతో వచ్చే మెతకదనం కాదు.

బడి విషయంలోనూ అదే చెయ్యి కనిపిస్తుంది. ఉస్మానియా రాజ్యంలో పైచదువు ఉర్దూలో. ఆడపిల్లలకు తెలుగులో హైస్కూలు అంటే ఇటు సర్కారుకూ నచ్చదు, అటు ఆడపిల్లకు పెద్ద చదువెందుకనే సనాతనులకూ నచ్చదు. 1928లో బడి పెట్టి, పరీక్షల కోసం దాన్ని పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధించారు. మాతృభాషలో ఆడవాళ్లకు చదువు చెప్పడమే ఆ విశ్వవిద్యాలయం ఆశయం. ఏ కర్వే అధ్యక్షతన జరిగిన సభలో తెలుగుకు అవమానం జరిగిందో, ఆ కర్వే సంస్థ నీడనే తెలుగు ఆడపిల్లల చదువు నిలబెట్టారు! ఆ రాత్రి మరాఠీల మీద పగ పెంచుకుని ఉంటే ఈ తలుపు తెరుచుకునేది కాదు.

1930లో సంఘం ఆంధ్ర మహాసభగా పెరిగింది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే ఏ పిల్లవాణ్ణి లేపి అడిగినా పట్టిక అప్పజెబుతాడు: 1930 జోగిపేట, సురవరం ప్రతాపరెడ్డి, 1931 దేవరకొండ, బూర్గుల రామకృష్ణారావు, 1934 ఖమ్మం, పులిజాల వెంకటరంగారావు, 1935 సిరిసిల్ల, మాడపాటి, 1936 షాద్‌నగర్, కొండా వెంకట రంగారెడ్డి, 1937 నిజామాబాద్, మందుముల నరసింగరావు. మార్కులకు ఇది చాలు. కానీ ఆ పట్టికలో ఏళ్ల మధ్య ఉన్న ఖాళీలు కూడా చదవాలి. 1931 తర్వాత 1934 దాకా, 1937 తర్వాత 1940 దాకా సభ లేదు. అనుమతి కోసం తిరగడం, షరతులకు తల ఊపాలో లేదో తేల్చుకోవడం, సభలో ఏ మాట రావాలో ఏ మాట రాకూడదో ముందే తూచుకోవడం, ఇదంతా పరీక్షలో అడగరు. ఆ పందిళ్ల కింద వితంతు వివాహం పేరెత్తితే లేచి వెళ్లిపోయే శాస్త్రులూ, లేచి వెళ్తే వెళ్లనీ అనే యువకులూ పక్కపక్కనే ఉండేవారు. మహాసభతో పాటు మహిళా సభ కూడా జరిగేది. జోగిపేటలో దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఒక తీర్మానం నెగ్గడం కన్నా నెగ్గాక కూడా ఓడినవాళ్లు మళ్లీ ఏడాది పందిట్లోకి రావడం ముఖ్యం అన్నది ఆ తరం పెద్దల పట్టు. ఈ పట్టుకు ఇప్పటి శాసనసభల్లో చోటు లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

1949-50లో రెండు భాగాలుగా వచ్చిన 'తెలంగాణా ఆంధ్రోద్యమము'లో మాడపాటి ఈ కథంతా రాశారు. పిడికిలి బిగించి చదవాల్సిన పుస్తకం కాదది. తీర్మానాలు, నిబంధనలు, ఎవరు ఏ ఊళ్లో గ్రంథాలయం పెట్టారు, ఏ సభకు ఎవరు వచ్చారు. విసుగనిపించే చోట్లున్నాయి. ఆ విసుగు వెనకే ఉద్యమం నడిచిన తీరు ఉంది. పోలీసు చర్యకు, సాయుధ పోరాటానికి ఆనుకుని వచ్చిన ఏళ్లలో, నెత్తురు ఆరకముందే, ఇంత నెమ్మదిగా ఒక మనిషి తన జీవితకాలపు పనిని నమోదు చేశాడంటే గౌరవం కలగకుండా ఉండదు.

ఇక డువెర్జే ప్రశ్నకు వద్దాం. 1940లో మల్కాపురం సభ వచ్చేసరికి నిజాం ప్రకటించిన సంస్కరణలను పట్టుకోవాలా, విసిరికొట్టాలా అన్న దగ్గర పందిరి రెండుగా చీలడం మొదలెట్టింది. 1941లో చిలుకూరులో ఎడమపక్షపు రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. 1944లో భువనగిరిలో మళ్లీ ఆయనే; మితవాదులు విడిపోయి వేరే మహాసభ నడుపుకున్నారు. ఊళ్లలో మాత్రం 'సంఘం' అంటే ఇక కమ్యూనిస్టుల సంఘమే. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక పోరాటం తిరిగి చూసింది లేదు.

మాడపాటి పద్ధతి ఎక్కడ ఆగిపోయిందో దాచకుండా చెప్పాలి. వెట్టి మీద సర్కారు ఉత్తర్వు ఉంది కాబట్టి దాన్ని చూపించగలిగారు. వేల ఎకరాలు ఒక్క దేశ్‌ముఖ్ చేతిలో ఉండటం తప్పని చెప్పే ఉత్తర్వు ఏ బీరువాలోనూ లేదు. విసునూరు దొర ముందు చిట్యాల ఐలమ్మ తన చేను కోసం నిలబడినప్పుడు తెరిచి చూపడానికి పుస్తకం లేదు. పైగా మహాసభ పెద్దల్లో భూములున్నవాళ్లు తక్కువేమీ కాదు. వెట్టి మానమని ఇరుగుపొరుగుకు చెప్పగలరు గానీ భూమి పంచమని చెప్పడానికి వాళ్ల నాలుక తిరగలేదు. ఇక్కడ డువెర్జేదే పైచెయ్యి. కానీ భువనగిరి తర్వాత ఊళ్లలో కదిలిన యువకులు వెట్టి మాటతో పోరు మొదలెట్టినప్పుడు, ఆ మాట అప్పటికే ఊళ్లకు చేరి ఉంది. ఎడమపక్షం అందుకున్న మొదటి ఆయుధం నడిమివాళ్లు చేసిపెట్టిందే. ఎవరి గూటికి వాళ్లు వెళ్లినా, వెళ్లేటప్పుడు ఆ ఇరవై మూడేళ్ల పనిని మోసుకునే వెళ్లారు.

తర్వాత మాడపాటి 1951లో హైదరాబాదు నగరపాలక సంస్థకు తొలి మేయరు అయ్యారు, 1955లో పద్మభూషణ్, 1958 నుంచి 1964 దాకా ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్షులు. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూను మించిన ఆధిక్యంతో లోక్‌సభకు వెళ్లారు.

ఆ మధ్యలోనే, సాయుధ పోరాటం ఇంకా నడుస్తుండగా, 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అనే హక్కు దాంతో పుట్టింది. మరుసటి ఏడు ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గాంధేయవాది వినోబా భావేకు 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూమి విషయంలోనూ నడిమి దారి ఒకటి ఉందని అప్పుడు తెలిసొచ్చింది. తుపాకీ వెనక నిలబడి ఉంటే గానీ అది తెరుచుకోలేదు. అలా మొదలైన భూదానాన్ని లోకమంతా మెచ్చుకుంది. నా దృష్టిలో అసలు పని ఆ చట్టానిదే. రక్షిత కౌలుదారుల వారసులు నేటికీ ఆ నాటి నకళ్లు పట్టుకుని రెవెన్యూ ఆఫీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. 1950లోనే ఎవరైనా కూర్చుని, ఆ చట్టంలో ఎవరికి ఏ హక్కుందో, దాన్ని ఎవరి దగ్గర, ఎన్నాళ్లలో రాయించుకోవాలో వెట్టి చాకిరి పుస్తకంలా తేట తెలుగులో అచ్చేసి ఊరూరా పంచి ఉండాల్సింది.