ఈదే మనిషి, పారే నీరు, ఒక అక్షరం

చైనా లిపిలో 'యోంగ్' అనే అక్షరానికి ఇవాళ్టి అర్థం ఎల్లకాలం, శాశ్వతం. దాని పుట్టుక మాత్రం నీళ్లలోనే. క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ కూర్చిన 'షువోవెన్ జియెజి' నిఘంటువు దీన్ని దూరాలకు సాగిపోయే నీటి పాయల బొమ్మ అంటుంది. షాంగ్ రాజుల కాలంలో తాబేటి చిప్పల మీదా ఎద్దు ఎముకల మీదా చెక్కిన పాత రూపాలు చూసిన కొందరు పండితులు ఒప్పుకోరు. అందులో వాళ్లకు నీటిలో ఈదే మనిషి కనిపిస్తాడు. ఈ అక్షరం పక్కన నీటి గుర్తు చేరిస్తే నేటికీ 'ఈత' అనే అర్థమే వస్తుంది. అందుకే నేను ఈతగాడి పక్షం.

కుంచె పట్టినవాళ్లకు ఈ అక్షరంతో చుట్టరికం వేరు. మన పిల్లల చేత ఓనమాలు దిద్దించినట్టు, అక్కడ కుంచె రాత నేర్చుకునేవాళ్ల చేత దీన్ని దిద్దిస్తారు. ఉన్నవి అయిదు గీతలే, కానీ చెయ్యి ఎనిమిది రకాలుగా కదలాలి. ఆ కదలికలకు పెద్దలు పెట్టిన పేర్లంటే నాకు ప్రాణం. అడ్డగీత పేరు కళ్లెం బిగించడం. ఎడమ పక్క పైకి లేచే చిన్న గీత కొరడా. కిందికి జారే పొడుగు గీత తల దువ్వడం, కుడివైపు పొట్టి గీత పిట్ట ముక్కుతో పొడవడం. గీత ఎలా ఉండాలో కాదు, చెయ్యి ఏం చెయ్యాలో చెప్పే పేర్లివి.

చివరి గీత కష్టం. కుంచె మొన తేలిగ్గా ఆని, కుడికి ఏటవాలుగా దిగుతూ, కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచుకుంటూ పోవాలి. గీత పాదం దగ్గర ఒక్క క్షణం ఆగి, కుంచెను కుడికి లాగుతూ పైకెత్తాలి. ఆ ఆగడం కాస్త ఎక్కువైతే పల్చటి షువాన్ కాగితం సిరా పీల్చేసి మరక చేస్తుంది.

క్రీ.శ. 353లో పేరున్న కుంచె రాతగాడు వాంగ్ షీజీ ఒక కవితల సంపుటికి రాసిన 'లాంతింగ్' పీఠిక మొదలయ్యేది ఈ అక్షరంతోనే. మూలం పోయింది, తర్వాతి కాలపు నకళ్లే మిగిలాయి. ఆయన వంశంలో ఏడో తరం వాడైన బౌద్ధ భిక్షువు జియోంగ్ పేరులో రెండో అక్షరమూ ఇదే. అరిగిపోయిన కుంచెల్ని ఆయన బుట్టలకొద్దీ పోగేసి సమాధి చేశాడని చెప్పుకుంటారు.

ఎనిమిది కదలికల్నీ విడివిడిగా వారాల తరబడి సాధన చేయించే పద్ధతి నాకు నచ్చదు. పై చుక్క పెట్టి కుంచె ఎత్తాక, అడ్డగీత మీద వాలేదాకా చెయ్యి గాలిలో సాగుతూనే ఉండాలి. ముక్కలు చేస్తే పోయేది ఆ సాగుడే. అది లేని యోంగ్‌లో నీరూ ఉండదు, ఈతగాడూ ఉండడు.

నేర్చుకోవాలని ఉన్నవాళ్లు సిరా కోసం ఆగనక్కర్లేదు. చైనా పార్కుల్లో పెద్దవాళ్లు పొడుగాటి కుంచెను నీళ్లలో ముంచి రాతి పలకల మీద రాస్తారు. మనకు డాబా మీది గచ్చు చాలు. ముందు అక్షరం మొత్తం రాయండి, గీతల లెక్క తర్వాత చూసుకోవచ్చు.