కణుపు దాటితేనే ఉంగరం

పెండ్లికొడుకు వేలి కొలత అంటూ పులివెందుల వియ్యాలవారు ఒక దారం ముక్కను కాగితంలో మడిచి పంపినారు. మాఘమాసం చలిలో, తెల్లారకముందే, వాళ్ళమ్మ కొడుకు వేలికి గట్టిగా చుట్టి అంతమటుకు తెంపిందంట. అది పట్టుకుని జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు బస్సెక్కినాం. బంగారమంటే మా పక్క అందరి దారీ ప్రొద్దుటూరికే, రెండో బొంబాయి అని పేరున్న ఊరు మరి. ఆచారి దారాన్ని స్కేలు మీద సాగదీసి ‘ఇరవై’ అన్నాడు. మేమూ తలూపినాం.

వైశాఖంలో, ఒళ్ళు మండే ఎండలో, మా పిల్లోడు బావకు ఉంగరం తొడగబోతే కణుపు దగ్గరే నిలబడిపోయింది. అల్లుడు చీనీతోటలో పారపట్టే మనిషి, కణుపులు గట్టివి. ఎవరో కొబ్బరినూనె తెచ్చినారు. ఊహూఁ. చివరికి బిందెలో ఉంగరం దేవులాడే ఆటకు మాత్రం అది పనికొచ్చింది.

ఆచారిని అనడానికి లేదు. మేమిచ్చిన దారం అట్లాంటిది. గట్టిగా లాగితే కండలోకి దిగుతుంది, వదులుగా పడితే సాగుతుంది. అందుకే ఇంట్లో కొలవాలంటే సన్నని కాగితం పట్టీ మేలు. పొద్దున చలికి వేలు సన్నబడి ఉంటుంది కాబట్టి సాయంత్రం, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు కొలవాలి. ఉంగరం ఏ చేతికో ఆ చేతినే చూడాలి, పనిచేసే చెయ్యి కొంచెం లావు. వేలి మొదట్లో ఒకసారి, కణుపు మీద ఒకసారి చుట్టి చూడండి. రెండింటికీ బాగా తేడా ఉంటే నడిమి కొలత తీసుకోవాలి.

మన అంగళ్ళ నంబరు లెక్క తేలిక. చుట్టుకొలత మిల్లీమీటర్లలో ఎంతో చూసి 40 తీసేయడమే. 60 వస్తే 20వ నంబరు. సరిపోయే పాత ఉంగరం ఉంటే లోపలి వ్యాసాన్ని 3.14తో హెచ్చవేయండి, 19.1 మిల్లీమీటర్లున్నా అదే 20. నంబరుకూ నంబరుకూ తేడా చుట్టూరా ఒక్క మిల్లీమీటరే, కణుపు దగ్గర అదే కొండంత. పట్టీ వెడల్పుగా ఉండే ఉంగరానికి ఒక నంబరు ఎక్కువే చెప్పాలి.

బిగుతైన మా ఉంగరాన్ని మళ్ళీ ఆచారి దగ్గరికే తీసుకుపోయినాం. రాళ్ళ ఉంగరమైతే సాగదీస్తే రాళ్ళు కదులుతాయి. మాది నున్నటిది, బతికిపోయినాం. ఆచారి దాన్ని కడ్డీకెక్కించి తిప్పితిప్పి సుత్తితో తడుతూ 22కు తెచ్చినాడు. కోసి అతకాల్సి వచ్చుంటే లోపలుండే ఆరక్షరాల హాల్‌మార్క్ గుర్తు చెడుతుందేమోనని ఇంకో బెంగ.

ఇప్పుడది కణుపు దాటుతుంది. దాటినాక వేలి మొదట్లో గిరగిరా తిరుగుతుంది. మొన్న చలికాలం పులివెందుల పోయినప్పుడు చూసినా, అల్లుడు బోరు కింద చేతులు కడుక్కుంటున్నాడు. ఉంగరం జారిపోకుండా అడుగువైపు దారం చుట్టుకున్నాడు.