ఏం పోయిందో చెప్పగలగాలి

వచ్చే ఏడాది నా టీవీ రిపేరు దుకాణం మా శిష్యుడికి అప్పగించి విశ్రాంతి తీసుకుంటాను. వాల్వు రేడియోలు మూలపడుతున్న రోజుల్లో ఈ పనిలోకి వచ్చాను. 1982 ఏషియన్ క్రీడలప్పుడు దూరదర్శన్‌లో రంగుల ప్రసారాలు వచ్చాయి. 1987లో రామాయణం సీరియల్ మొదలయ్యాక, ఆదివారం పొద్దుటికల్లా టీవీ కావాలని జనం పట్టుబట్టేవారు. శనివారం అర్ధరాత్రి దాకా సోల్డరింగ్ ఐరన్ వేడి మీదే ఉండేది. విడిభాగం కావాలంటే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి పరుగు.

సెట్లు మారాయి కానీ పని మారలేదు. ముందు లోపం పట్టుకోవాలి. పిక్చర్ ట్యూబు టీవీల్లో చాలాసార్లు అది డ్రై సోల్డర్. బోర్డు వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పిన్నుల చుట్టూ సన్నటి చీలిక పడేది. భూతద్దంలో చూస్తే తప్ప దొరికేది కాదు. మళ్లీ సోల్డర్ పెడితే బొమ్మ వచ్చేసేది.

మొన్న ఒకాయన ఎల్ఈడీ టీవీ తెచ్చాడు. సౌండ్ ఉంది, బొమ్మ లేదు. ప్యానెల్ పోయింది, కొత్త టీవీ కొనుక్కోమని వేరేచోట చెప్పారట. షాపులో లైట్లు ఆర్పి, శిష్యుడికి టార్చి ఇచ్చాను.

“తెర మీద ఏటవాలుగా వెయ్. ఏమన్నా కనిపిస్తోందా?”

“మసగ్గా బొమ్మ కదులుతోంది బాబాయ్!”

అంటే ప్యానెల్ పనిచేస్తోంది, వెనక వెలుతురే లేదు. లోపలి పట్టీల్లో చిన్న ఎల్ఈడీలు సిరీస్‌లో ఉంటాయి. ఒక్కటి ఓపెన్ అయినా వరుసంతా ఆరిపోవచ్చు. మిగతా వాటికీ అదే వయసు కాబట్టి పట్టీలన్నీ మార్చాం. టీవీ మళ్లీ ఆయన ఇంటికే వెళ్లింది.

ఒకప్పుడు చాలా కంపెనీల సర్క్యూట్ డయాగ్రంలు మా చేతికి దొరికేవి. ఏ పాయింటులో ఎన్ని వోల్టులు రావాలో అందులో ఉండేది. ఇప్పుడవి దొరకడం కష్టమైంది. దాంతో కొత్త కుర్రాళ్లు లోపం వెతకడం మానేసి బోర్డులు మార్చడం నేర్చుకుంటున్నారు. రిపేరు సమాచారం అందరికీ అందేలా 2022లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. మంచి అడుగే. డయాగ్రం, విడిభాగం వీధి చివరి మెకానిక్ దాకా చేరితేనే దానికి సార్థకత.

ఇక మీకో మాట. “పోయింది, పారేయండి” అని ఎవరైనా అంటే, “ఏం పోయింది?” అని అడగండి. జవాబు చెప్పగలిగినవాడి చేతికే మీ వస్తువు ఇవ్వండి.